ఎన్నికల వేళ డీప్‌ఫేక్‌లు, అబద్ధపు ప్రచారం: నల్లగొండ, పాలమూరు ఓటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో గ్రంథాలయాల్లోనూ డిగ్రీ కళాశాలల్లోనూ, కొన్నిచోట్ల గ్రామపంచాయతీ అరుగుల మీదనూ జరుపుకున్న చిన్న సమావేశాల్లో మమ్మల్ని అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. కొన్ని ప్రశ్నలకు రెండు మాటల్లో జవాబు చెప్పవచ్చు, కొన్నింటికి కొంచెం ఓపికగా చెప్పవలసి వచ్చింది. ఏ పార్టీనీ మెచ్చుకోవడానికో నొచ్చుకునేలా చేయడానికో ఇది రాయలేదు. ఉదాహరణల్లో పార్టీల పేర్లు వచ్చాయంటే అవి జరిగిన సంగతులు కాబట్టి వచ్చాయి.

డీప్‌ఫేక్ అంటే ఏమిటి? పాత మార్ఫింగ్‌కూ దానికీ తేడా ఉందా?

ఒక మనిషి ముఖాన్నీ గొంతునూ కంప్యూటర్‌కు నేర్పించి, ఆ మనిషి అనని మాట అన్నట్టు, చేయని పని చేసినట్టు తయారుచేసే వీడియోను, ఆడియోను డీప్‌ఫేక్ అంటున్నారు. పాత మార్ఫింగ్‌లో ఒక ఫోటోలోని తలను కత్తిరించి ఇంకొక ఒంటికి అతికించేవారు కనుక మెడ దగ్గర అతుకు కనబడేది. ఇప్పుడు అతికించడమే లేదు, కంప్యూటర్ ప్రతి దృశ్యాన్నీ కొత్తగా గీస్తుంది. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో, ఆయన సహచరులు ప్రతిపాదించిన పద్ధతిలో రెండు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒకటి నకిలీ బొమ్మను తయారుచేస్తే రెండోది దానిని పట్టుకోవడానికి చూస్తుంది. పట్టుబడ్డ ప్రతిసారీ మొదటిది ఇంకొంచెం నేర్చుకుంటుంది. దొంగను, పోలీసును ఒకే ఇంట్లో పెంచినట్టన్నమాట. ఆ తరువాత ఇంకా మెరుగైన పద్ధతులు వచ్చాయి, ఖర్చు తగ్గింది, ఫోన్‌లోనే చేసుకునే యాప్‌లు వచ్చాయి.

మన దగ్గర ఈ మాట ఇంటింటికీ తెలిసింది 2023 నవంబరులో, నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొక మహిళ వీడియోకు తగిలించి తిప్పినప్పుడు. ఆ కేసులో ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు.

ఇదంతా ఢిల్లీ, అమెరికా సంగతి కదా, మన ఎన్నికల్లో ఇలాంటివి జరిగాయా?

జరిగాయి. తెలంగాణ శాసనసభకు 2023 నవంబరు 30న పోలింగ్ జరుగుతున్న రోజునే, భారత రాష్ట్ర సమితి నాయకుడు కె.టి.రామారావు కాంగ్రెస్‌కు ఓటు వేయమని అడుగుతున్నట్టుగా ఏడు సెకన్ల క్లిప్పు ఒకటి ఎక్స్‌లో (పాత ట్విట్టర్) వచ్చింది. దానిని పెట్టింది కాంగ్రెస్ పార్టీ ఖాతాయే. ఐదు లక్షల మందికి పైగా చూశారు. ఏడు సెకన్లంటే బస్సు ఎక్కేలోపు చూసి పక్కవాడికి పంపేయగల నిడివి.

అంతకుముందు, 2022 నవంబరు 3న మునుగోడు ఉపఎన్నిక పోలింగ్ రోజున, తాను ప్రత్యర్థి పార్టీ నాయకుడైన ముఖ్యమంత్రిని కలిసినట్టు నకిలీ వార్త తిప్పుతున్నారని కాంగ్రెస్ అభ్యర్థి పాల్వాయి స్రవంతి ఫిర్యాదు చేశారు. ఇలాంటి వార్తకు పెద్ద సాంకేతికత ఏమీ అక్కరలేదు. టీవీ ఛానల్ స్క్రోలింగ్‌ను పోలిన బొమ్మ, ఒక పాత ఫోటో ఉంటే చాలు.

మూడోది చేవెళ్ల సభ సంగతి. 2023 ఏప్రిల్‌లో చేవెళ్లలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా తెలంగాణలోని ముస్లిం రిజర్వేషన్లను తీసివేస్తామని మాట్లాడిన ప్రసంగాన్ని కత్తిరించి, ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లన్నిటినీ రద్దు చేస్తామన్నట్టు 2024 లోక్‌సభ ఎన్నికల సమయంలో తిప్పారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు, తెలంగాణ ముఖ్యమంత్రికే నోటీసు వచ్చింది. గమనించవలసింది ఏమిటంటే, ఆ వీడియోలో ముఖమూ గొంతూ అసలువే. కత్తెర ఒక్కటే చేసిన పని అది. మా అనుభవంలో పది అబద్ధపు వీడియోలు చూస్తే ఎక్కువ భాగం ఇలాంటి కత్తిరింపులే, లేదా వేరే రాష్ట్రంలో వేరే ఏడాదిలో తీసినదాన్ని మన ఊరిదని చెప్పి పంపినవే. కృత్రిమ మేధ (ఏఐ) గురించి భయపడుతూ ఈ పాత కత్తెరను మరచిపోవడం మంచిది కాదు.

అబద్ధపు వీడియో వస్తే రెండు రోజుల్లో బయటపడుతుంది కదా, అంత ప్రమాదం ఏముంది?

ఆ రెండు రోజులే ప్రమాదం. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు బహిరంగ ప్రచారం ఆగిపోవాలి. సభ పెట్టి ఖండించడానికి వీలులేని ఆ సమయంలోనే అబద్ధం బయలుదేరుతుంది. 2023 సెప్టెంబరులో స్లొవాకియాలో పోలింగ్‌కు రెండు రోజుల ముందు, ప్రచారం ఆగిన సమయంలో, ఒక ప్రతిపక్ష నాయకుడు ఒక మహిళా పాత్రికేయురాలితో ఓట్ల రిగ్గింగ్ గురించి మాట్లాడుతున్నట్టు నకిలీ ఆడియో వచ్చింది. ఆయన పార్టీ ఓడిపోయింది. ఆ ఆడియో వల్లనే ఓడిపోయిందని ఎవరూ రుజువు చేయలేరు, కాదని కూడా రుజువు చేయలేరు. ఎన్నిక మీద జరిగే నష్టం ఎక్కువగా ఇలాంటిదే: లెక్క తేలదు, అనుమానం మాత్రం మిగిలిపోతుంది.

గొంతును కూడా దొంగిలిస్తారంటున్నారు. ఎంతసేపు రికార్డింగ్ ఉంటే చాలు?

మూడు సెకన్ల నమూనాతో గొంతును అనుకరించే సాధనాన్ని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023 జనవరిలోనే వివరించారు. సర్పంచి అభ్యర్థి పెళ్లిలో మైకు పట్టుకుని మాట్లాడిన వీడియో అందుకు ఎక్కువే. 2024 జనవరిలో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో అధ్యక్షుడు బైడెన్ గొంతుతో, ప్రాథమిక ఎన్నికలో ఓటు వేయవద్దని చెప్పే ఫోన్‌కాల్స్ ఓటర్లకు వెళ్లాయి. వాటిని చేయించిన రాజకీయ సలహాదారుకు అక్కడి సమాచార నియంత్రణ సంస్థ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

వీడియో కంటే ఆడియోను పట్టుకోవడం కష్టం, ఎందుకంటే చూడటానికి ఏమీ ఉండదు. అయితే మన ప్రాంతానికి ఒక చిన్న వెసులుబాటు ఉంది. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలప్పుడు దేవరకొండ వైపు ఒక ఊరిలో పోలింగ్‌కు ముందు రాత్రి ఒక అభ్యర్థి గొంతుతో ఆడియో వచ్చింది: “నేను పోటీ నుండి విరమించుకుంటున్నాను, నా మద్దతుదారులందరూ సహకరించగలరు.” గొంతు అచ్చం ఆయనదే. యువకులంతా ఫోన్ల చుట్టూ గుమికూడి తర్జనభర్జన పడుతుంటే, అభ్యర్థికి మేనత్త వరుసయ్యే ఒక పెద్దామె ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విని, “మావాడు ఎప్పుడన్న విరమించుకుంటున్నానన్నడా? తప్పుకుంటున్న అంటడు గని” అన్నది. అంతే, సంగతి తేలిపోయింది. అది యంత్రం పనో, ఎవరి మిమిక్రీయో తరువాత కూడా తెలియలేదు, పంపిన నంబరు స్విచాఫ్ అయింది.

యంత్రాలు ఎక్కువగా నేర్చుకున్నది వార్తల్లో, సినిమాల్లో, పుస్తకాల్లో దొరికే తెలుగు. మన యాస, మన క్రియల తీరు వాటికి ఇంకా పూర్తిగా అబ్బలేదు. ఇది ఎంతో కాలం నిలిచే రక్షణ కాదు, యాస కూడా నేర్చుకుంటాయి. కానీ ఇంకొక రక్షణ ఉంది, అది చట్టంలో ఉంది: నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసిన తరువాత ఏ అభ్యర్థీ పోటీ నుంచి తప్పుకోలేడు, ఆయన గుర్తు బ్యాలెట్‌లో ఉండే తీరుతుంది. ఈ ఒక్క నిబంధన తెలిస్తే ముందు రాత్రి వచ్చే “తప్పుకున్నాడు” అనే కబురును వినవలసిన పనే లేదు.

వీడియో అసలుదో కాదో ఇంట్లోనే చూసుకునే ఉపాయం ఏమైనా ఉందా?

పూర్తిగా నమ్మదగినది లేదు, కానీ పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. బడిలో వ్యాకరణంలో ఓష్ఠ్యాలు చదువుకున్నాం కదా, ప, ఫ, బ, భ, మ పలికేటప్పుడు రెండు పెదవులూ తప్పనిసరిగా కలవాలి. శబ్దం ఆపి, వీడియోను నిదానంగా నడిపి, ఈ అక్షరాలున్న చోట పెదవులు కలుస్తున్నాయా లేదా చూడండి. నకిలీ వీడియోల్లో మాట నడుస్తూనే ఉంటుంది, పెదవులు మాత్రం అరగా తెరుచుకునే ఉంటాయి. ముఖానికి అడ్డంగా చేయి వచ్చినప్పుడు, తల పక్కకు తిరిగినప్పుడు చెంప అంచు కరిగినట్టు కనబడటం కూడా ఒక ఆనవాలు.

ఇంతకంటే గట్టి పద్ధతి, వీడియోలోని ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకడం. అసలు ఎప్పుడు, ఎక్కడ మొదట వచ్చిందో తరచుగా అక్కడే దొరుకుతుంది. నాయకుడి వెనుక ఉన్న బ్యానరును చదవండి. సభ జరిగిన ఊరు, తేదీ దానిమీదే ఉంటాయి. ఆ సభ పూర్తి ప్రసంగం యూట్యూబ్‌లో ఉంటే కత్తిరించిన చోటుకు ముందు వెనుకలు వినండి. తెలుగులో నిజనిర్ధారణ చేసే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటి సంస్థల వద్ద అప్పటికే జవాబు ఉండవచ్చు. యంత్రం పనిని గుర్తించే సాధనాలు కూడా కొన్ని ఉన్నాయి కానీ, వాట్సాప్‌లో పదిసార్లు చేతులు మారి నాణ్యత తగ్గిన తెలుగు ఆడియో మీద వాటి తీర్పును తుదితీర్పుగా తీసుకోవద్దని మా సలహా.

చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు నమ్ముతున్నారు?

చదువుకూ దీనికీ పెద్ద సంబంధం లేదు. మనం వార్తను కాదు, పంపినవాణ్ణి నమ్ముతాము. ఉపాధి కోసం ముంబై, పుణె వెళ్లిన నారాయణపేట, కోస్గి, మద్దూరు కుటుంబాలకు ఊరి సంగతులు తెలిసేది ఊరి గ్రూపులోనే. బావమరిది పంపిన వీడియోను అనుమానించడమంటే బావమరిదినే అనుమానించినట్టు లెక్క. అబద్ధాన్ని తయారుచేసేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. అతడు పది మందికి పంపితే చాలు, మిగతా పని చుట్టరికాలు చేసిపెడతాయి.

అదీగాక అబద్ధం కొత్తగా ఉంటుంది, కోపం తెప్పిస్తుంది. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, నిజమైన వార్త కంటే తప్పుడు వార్తను తిరిగి పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. ఆ వ్యాప్తికి ప్రధాన కారణం యంత్ర ఖాతాలు కావని, మనుషులేనని కూడా అందులోనే ఉంది.

గద్వాలలో పోలీసులు వదంతులను ఆపారని విన్నాం. ఏమి చేశారు?

2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు, పార్థీ దొంగలు తిరుగుతున్నారంటూ భయంకరమైన ఫోటోలతో సందేశాలు ఊళ్లలో తిరిగాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం పొద్దు గూకగానే ఇళ్లలోకి వెళ్లి తలుపులు బిగించుకుంటున్నారని గ్రామాలకు వెళ్లే కానిస్టేబుళ్లు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి 400కు పైగా గ్రామాల్లో పోలీసులను ఇంటింటికీ పంపారు, డప్పుతో చాటింపు వేయించారు, పాటలు కట్టించి పాడించారు, పోలీసులే ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. అక్కడ ఎవరి ప్రాణమూ పోలేదు.

మిగతాచోట్ల అలా జరగలేదు. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలైలో బీదర్ జిల్లాలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ప్రాణం ఇలాగే పోయింది. పిల్లలకు చాక్లెట్లు పంచడమే అక్కడ గొడవకు మొదలు.

గద్వాల అనుభవంలో మాకు ముఖ్యంగా తోచింది డప్పే. ఫోన్‌లో వచ్చిన మాటకు జవాబు ఫోన్‌లో కాకుండా, ముఖం తెలిసిన మనిషి నడివీధిలో నిలబడి చెప్పాడు. ఆ మాట తప్పయితే రేపు మళ్లీ అదే వీధిలో నలుగురికీ ముఖం చూపించాలి.

ఒక పోస్టుకు వేల లైకులు, వందల కామెంట్లు ఉంటే ప్రజాభిప్రాయం అని అనుకోవచ్చా?

మన జిల్లా చరిత్రలోని ఒక సంగతితో దీనికి జవాబు చెబుతాము. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. ఎముకలు వంకర తిరిగేలా చేస్తున్న ఫ్లోరైడ్ నీటి గోడు ఢిల్లీకి వినిపించాలని మునుగోడు, మర్రిగూడ వైపు జనం పట్టుబట్టి వేసిన నామినేషన్లు వాటిలో ఎక్కువ. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది. ఆ తరువాత అదే ఏడాది డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచడానికి ఇలాంటి ఎన్నికలే కారణం.

ఆ 480 పేర్ల వెనుక 480 మంది మనుషులున్నారు. ప్రతి ఒక్కరూ సంతకం పెట్టారు, డబ్బు కట్టారు, రిటర్నింగ్ అధికారి ముందు నిలబడ్డారు. ఈనాడు ఒక గదిలో కూర్చున్న ఒక్క మనిషి ఒక మధ్యాహ్నంలో అంతకంటే ఎక్కువ ఖాతాలు తెరిచి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఊరి పేరు పెట్టి, కృత్రిమ మేధతో ఒక్కొక్కటీ వేరువేరు మాటలతో ఒకే వాదన రాయించగలడు. పూర్వం ఒకే వాక్యం వంద ఖాతాల్లో కనబడితే యంత్రమని పట్టుకునేవాళ్లం, ఇప్పుడు ఆ ఆనవాలు కూడా లేదు. ఖాతా ఎప్పుడు మొదలైంది, ఎన్నికలు లేని రోజుల్లో ఏమి రాసింది, రోజంతా నిద్ర లేకుండా రాస్తోందా అనేవి చూస్తే కొంత తెలుస్తుంది. ప్రజాస్వామ్యంలో తలలు లెక్కపెడతాం కనుక తల లేని గొంతులను ఆ లెక్కలోకి రానివ్వడం చిన్న తప్పు కాదు.

పోలింగ్ రోజున “జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ఛాలెంజ్ ఓటు వేయవచ్చు” అని సందేశం వస్తుంది. నిజమేనా?

కాదు. ప్రతి ఎన్నికకూ పండుగలా తిరిగివచ్చే అబద్ధం ఇది. ఓటర్ల జాబితాలో పేరు లేకపోతే ఏ గుర్తింపు కార్డు చూపించినా ఓటు వేయనివ్వరు. ఛాలెంజ్ ఓటు అంటే, వచ్చిన ఓటరు అసలు మనిషి కాదని పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం. టెండర్ ఓటు మాత్రం నిజమే: మీరు వెళ్లేసరికి మీ పేరు మీద ఎవరో ఓటు వేసి ఉంటే, మీ గుర్తింపు తేలాక మీకు బ్యాలెట్ పత్రం ఇస్తారు. అయితే “టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్” అని సందేశంలో చేర్చే మాటకు చట్టంలో ఆధారం లేదు.

ఈ సందేశం ఎవరినీ తిట్టదు కాబట్టి దీనిని అబద్ధమని ఎవరూ అనుకోరు. కానీ జాబితాలో పేరుందో లేదో ముందే చూసుకోవలసిన మనిషిని “ఏం ఫరవాలేదులే” అని ఇంట్లో కూర్చోబెట్టి, పోలింగ్ రోజున బూత్ దగ్గర గొడవకు దింపుతుంది.

ఈవీఎంల గురించి వచ్చే వీడియోలను నమ్మవచ్చా?

ప్రతి వీడియోకూ విడిగా జవాబు చెప్పలేము. ఓటు వేసిన తరువాత, ఎవరికి పడిందో చీటీ మీద చూపే యంత్రమైన వీవీప్యాట్ గాజు వెనుక చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది, దాన్ని చూసుకోవడం మీ హక్కు. ప్రతి శాసనసభ నియోజకవర్గంలో లాటరీ పద్ధతిన ఎంపిక చేసిన ఐదు కేంద్రాల వీవీప్యాట్ చీటీలను యంత్రంలోని లెక్కతో సరిచూస్తారు. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఈ పద్ధతినే కొనసాగించమంది. సందేహం ఉంటే అడగడం తప్పు కాదు. ఎక్కడి యంత్రమో, ఏ ఎన్నికదో చెప్పని వీడియోను పంచడం తప్పు.

అయితే ఇక ఏ వీడియోనూ నమ్మకూడదా?

ఇది అన్నిటికంటే మంచి ప్రశ్న, మేము ఎక్కువగా భయపడేది కూడా దీనికే. అన్నీ నకిలీ కావచ్చుననే మాట ఊరంతా నాటుకుపోతే, నిజంగా తప్పు చేస్తూ కెమెరాకు చిక్కినవాడు “అది ఏఐ” అని దులిపేసుకుని వెళ్లిపోతాడు. డబ్బు పంచుతూ దొరికిన నాయకుడికి ఇంతకంటే మంచి వకీలు ఉండడు.

2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి భూముల వివాదంలో రెండు సంగతులూ ఒకేసారి కనబడ్డాయి. బుల్డోజర్ల ముందు జింకలు, నెమళ్లు పరుగెడుతున్నట్టు కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు తిరిగాయి, వాటిని పంచినవారికి పోలీసులు నోటీసులు ఇచ్చారు. కానీ చెట్లు కొట్టివేసిన మాట నిజం, సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న ఆ పనిని ఆపించింది. నకిలీ బొమ్మ ఉన్నంత మాత్రాన అసలు సంఘటన అబద్ధమైపోదు. పైగా ఆ బొమ్మ, అసలు ఫోటోలు తీసినవారి మాటకు విలువ తగ్గించింది. మంచి పని కోసమే కదా అని నకిలీ బొమ్మను పంచేవారు ఈ నష్టాన్ని ఆలోచించడం లేదు.

వాట్సాప్‌వాళ్లే ఎందుకు ఆపరు?

సందేశాలు పంపినవారికీ అందుకున్నవారికీ మాత్రమే కనబడేలా 2016 నుంచి గుప్తంగా ఉంటున్నాయి, మధ్యలో ఏముందో కంపెనీ చదవలేదు. 2018 హత్యల తరువాత మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ చేసేలా పరిమితి పెట్టారు. ఇప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. సందేశం మీద రెండు బాణాల గుర్తు కనబడితే అది ఎక్కడో దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చినదని అర్థం. “మా బావ స్వయంగా తీసిండు” అన్న మాట అక్కడితో తేలిపోతుంది. ఈ గుర్తును చూడటం మా సమావేశాలకు వచ్చినవారిలో చాలామందికి కొత్త.

పార్టీలు తమ నాయకుడి వీడియోను తామే ఏఐతో చేసుకుంటే అది కూడా తప్పేనా?

అన్నీ తప్పు కాదు. 2018లో మరణించిన తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి కరుణానిధిని 2024 జనవరిలో డీఎంకే తెర మీద మాట్లాడించింది. నాయకుడి గొంతుతో ఓటరు పేరు పెట్టి పిలిచే ఫోన్‌కాల్స్ కూడా వచ్చాయి. అది ఎవరు చేయించారో, కృత్రిమమో కాదో చెప్పారా లేదా అన్నదే ప్రశ్న. 2025 అక్టోబరులో ఎన్నికల సంఘం ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటి ప్రచార దృశ్యాల్లో కనీసం 10 శాతం భాగంలో కనబడేలా గుర్తు వేయాలి, ఆడియో అయితే మొదటి 10 శాతం వ్యవధిలో చెప్పాలి. నకిలీవి తమ ఖాతాల్లో ఉన్నాయని తెలిసిన మూడు గంటల్లో పార్టీలు తొలగించాలని 2024 మే 6నే చెప్పింది. చనిపోయినవారి విషయంలో మాత్రం గుర్తు వేసినా మాకు మనసొప్పదు. ఆ మాట తనదో కాదో చెప్పడానికి ఆ మనిషి లేడు.

చట్టంలో శిక్ష ఏమిటి?

డీప్‌ఫేక్ పేరుతో విడిగా ఒక చట్టం లేదు, ఉన్న చట్టాలనే వాడుతున్నారు. ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్ల కింద ఇంకొకరి గుర్తింపును వాడుకుని మోసం చేస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ప్రజల్లో భయాన్నీ వర్గాల మధ్య ద్వేషాన్నీ రేపే తప్పుడు ప్రకటనలకు భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ ఉంది. అభ్యర్థి వ్యక్తిగత నడవడి గురించి ఎన్నికల్లో అబద్ధం ప్రకటిస్తే అదే సంహిత 175వ సెక్షన్ కింద జరిమానా మాత్రమే పడుతుంది, ఇది చాలా చిన్న శిక్ష. అయితే అదే పనిని గెలిచిన అభ్యర్థి చేసినట్టు హైకోర్టులో రుజువైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) ప్రకారం ఎన్నికే రద్దు కావచ్చు. 2026 ఫిబ్రవరిలో సవరించిన ఐటీ నిబంధనలు కృత్రిమంగా తయారైన వాటికి గుర్తు వేయడాన్ని తప్పనిసరి చేశాయి.

నేను గ్రూప్ అడ్మిన్‌ను. ఎవరో పంపినదానికి నన్ను పట్టుకుపోతారా?

సభ్యుడు పంపినదానికి అడ్మిన్‌ను నేరస్థుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో, అంతకుముందు బాంబే హైకోర్టు కూడా చెప్పాయి. మీరే దానిని ముందుకు పంపితే, ప్రోత్సహిస్తే సంగతి వేరు. పోలింగ్‌కు ముందు రెండు రోజులు అడ్మిన్లు మాత్రమే సందేశాలు పెట్టేలా గ్రూపును మార్చుకున్నవారు మా ఎరుకలో ఉన్నారు, వారి రాత్రులు ప్రశాంతంగా గడిచాయి.

ఏది నిజమో ఏది అబద్ధమో ప్రభుత్వమే తేల్చి తీసివేయిస్తే సరిపోదా?

అధికారంలో ఉన్నవారి మీద వచ్చే వార్తకు వారే న్యాయమూర్తి కావడం ఎలా కుదురుతుంది? కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల మీద వచ్చే వార్తల నిజానిజాలను ప్రభుత్వ విభాగమే తేల్చే నిబంధనను బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టివేసింది. అంతకు చాలా ముందు, 2015 మార్చి 24న ఆన్‌లైన్‌లో నొప్పించే సందేశాలు పంపడాన్ని నేరం చేసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత కూడా ఏళ్లపాటు పోలీసులు దాని కింద కేసులు పెడుతూనే వచ్చారు. సోషల్ మీడియాలో రాజకీయ విమర్శ మీద కేసు నమోదు చేసేముందు పాటించవలసిన జాగ్రత్తలను తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది. విమర్శ ఎంత కటువుగా ఉన్నా అబద్ధం కాదు. చెరువు నిండలేదని, రైతు భరోసా రాలేదని రాసినవాణ్ణి “ఫేక్ న్యూస్” అని స్టేషన్‌కు పిలిపించడం మొదలైతే, డీప్‌ఫేక్ చేసినవాడి కంటే ఎక్కువ నష్టం ఆ పిలుపే చేస్తుంది.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

శాసనసభ, లోక్‌సభ ఎన్నికలైతే ఎన్నికల సంఘం వారి సి-విజిల్ యాప్‌లో పెట్టవచ్చు, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని లక్ష్యం. 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలను నిర్వహించేది వేరే సంస్థ, రాష్ట్ర ఎన్నికల సంఘం; అందువల్ల ఆ ఫిర్యాదులు స్థానిక రిటర్నింగ్ అధికారికి, జిల్లా కలెక్టర్‌కు ఇవ్వాలి. చాలామంది ఈ తేడా తెలియక సగం రోజు పోగొట్టుకుంటారు. డబ్బు పోయిన సైబర్ మోసమైతే 1930కి వెంటనే చెప్పాలి, మిగతా సైబర్ నేరాలకు జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ఉంది. ఎక్కడికి వెళ్లినా స్క్రీన్‌షాట్, లింకు, పంపిన నంబరు, సమయం దగ్గర పెట్టుకోండి. వీడియోను డిలీట్ చేసి ఫిర్యాదుకు వెళ్తే చూపించడానికి ఏమీ ఉండదు.

నేను ఇప్పటికే ఒక అబద్ధాన్ని ఫార్వర్డ్ చేశాను. ఇప్పుడేం చేయాలి?

మీరు పంపి సుమారు రెండున్నర రోజులు దాటకపోతే అందరికీ కనబడకుండా తీసివేయవచ్చు. కానీ తీసివేసి ఊరుకోవద్దు, చూసినవారు అప్పటికే చూశారు. అదే గ్రూపులో, మీ పేరుతోనే, “పొద్దున నేను పెట్టిన వీడియో తప్పు, అది మన మండలంది కాదు, ఎవరికీ పంపకండి” అని రాయండి, దొరికితే అసలు వీడియో లింకు జత చేయండి. మిర్యాలగూడ దగ్గర ఒక రేషన్ డీలరు ఇలా రాస్తే మొదట గ్రూపులో నవ్వు బొమ్మలు పెట్టారట. ఆ తరువాత వారం రోజులకు, ఏదైనా అనుమానంగా వస్తే “అన్నా, ఇది నిజమేనా చూడు” అని ఆయనకే పంపడం మొదలుపెట్టారని ఆయనే మాకు చెప్పారు, కొంచెం విసుగుతో.